వర్జీనియా బ్యారన్

నా పేరు హనుమయ్య. నేను చెప్పే మాటల్లో పావు వంతు నిజం, ముప్పావు వంతు మసాలా అని అమెరికాలో ఈ ఆష్‌బర్న్‌లో మావాళ్ళందరికీ తెలుసు. మసాలా లేకపోతే వినరు, ఉంటే నమ్మరు. అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను: ఇక్కడ రాసిన దాంట్లో కోడిగుడ్డు సంగతి ఒక్కటే అబద్ధం. మిగతాదంతా మొన్నటి చలికాలం మా ఇంట్లో జరిగిందే.

మాది కొయ్యలగూడెం దగ్గర పల్లె. అయిదో తరగతి దాకా బడి, ఆ తరవాత బ్యారన్. పొగాకు బ్యారన్ ఎరగనివాళ్ళకి చెబుతున్నాను: కిటికీలు లేని ఎత్తయిన గోడల ఇల్లు. లోపల కర్రలకి కట్టిన పచ్చాకు అంతస్తులు అంతస్తులుగా వేలాడుతూ ఉంటుంది. కింద లావుపాటి రేకు గొట్టాలు, బయట పొయ్యి. పొయ్యిలో మంట పెడితే గొట్టాలు కాగి, ఆకు ముందు పండి, తరవాత ఎండుతుంది. అయిదారు రోజులు ఆ మంట ఆరకూడదు, ఎగరకూడదు. నలభై ఏళ్ళు ఆ పొయ్యి ముందు కూర్చున్నాను. తొంభై అయిదు డిగ్రీల్లో మొదలుపెట్టి నూట అరవైలో ముగించాలి. అంతా ఫారన్‌హీట్ లెక్క. అమెరికాలో దిగిన మన ఇంజనీర్లు "ముప్ఫయి రెండు తీసేసి, అయిదు పెట్టి గుణించి..." అని వేళ్ళు మడుస్తుంటే, నేను విమానం దిగిన రోజునే "నలభై రెండు ఉంది, చొక్కా మీద కోటు చాలు" అన్నాను. అందరూ నోళ్ళు తెరిచారు.

మేము వేసిందంతా వర్జీనియా పొగాకు. అందుకని వర్జీనియా అంటే ఎటు చూసినా పచ్చటి ఆకు కనిపిస్తుందనుకుని వచ్చాను. వస్తే ఏముంది? డేటా సెంటర్లు, అంటే కంప్యూటర్లు పెట్టే గోడౌన్లు. ఫర్లాంగుల పొడుగున కిటికీలు లేని గోడలు, లోపలినుంచి హోరు.

"వీళ్ళకి బ్యారన్ కట్టడం వచ్చు గానీ కాల్చడం రాదే. వేడంతా బయటికి వదిలేస్తున్నారు," అన్నాను మనవరాలు అనుష్కతో.

"తాతయ్యా, అదే కదా పాయింట్!" అంది. దానికి పదహారేళ్ళు. నేను ఏం చెప్పినా ముందు నవ్వి తరవాత వింటుంది.

దానికే చెప్పాను కోడి సంగతి. ఒకసారి మా కోడిపెట్ట బ్యారన్‌లో దూరి, మూడోనాడు తలుపు తీస్తే తాపీగా బయటికి వచ్చి, నా చేతిలో ఉడికిన గుడ్డు పెట్టిందని. పెంకు ఒలిచి ఉప్పూ మిరియాలూ చల్లుకుని తిన్నానని. మిరియాలు ఎక్కడివని అడిగింది. అడగాల్సిన ప్రశ్న అదా!

*

అక్టోబరులో మావాడు మనోహర్‌ని కంపెనీవాళ్ళు తీసేశారు. ఆ కిటికీలు లేని ఇళ్ళలోనే ఒకదాంట్లో పని వాడిది. నెల తిరక్కుండా దూరంగా షార్లెట్ ఊళ్ళో కాంట్రాక్టు దొరికింది. పెట్రోలు కారు వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు వారాలకి ఒకసారి వస్తాడు.

వాడు వెళ్ళిన వారానికి, మా కోడలు కృష్ణవేణి వంటింట్లో కందిపచ్చడి రుబ్బుతూ, పెద్ద విషయం కానట్టు అంది: "మావయ్యగారూ, నేను ఉద్యోగంలో చేరుతున్నాను. వించెస్టర్‌లో. డయాలసిస్ సెంటర్."

"డయాలసిస్ అంటే?"

"కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి మిషన్‌తో రక్తం శుభ్రం చేస్తారు. ఆ మిషన్ దగ్గర నిలబడే పని. నేర్పిస్తారట."

కృష్ణవేణి బీయస్సీ చదివింది. ఈ దేశం వచ్చి పందొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళూ వీసా ఒప్పుకోక కొన్నాళ్ళు, పిల్ల చిన్నదని కొన్నాళ్ళు, అలవాటు లేదని కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం మనోహర్ ఫోన్‌లో ఎగిరాడు. "నలభై అయిదు మైళ్ళు! కొండ దాటి! ఆ రక్తాలూ సూదులూ నీకెందుకు వేణీ? నాకు మంచి జాబ్ వచ్చేస్తుంది."

"రానివ్వండి. సంతోషం. నాది నాకుంటుంది," అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. పచ్చడి మాత్రం ఆ రోజు బాగా మెత్తగా కుదిరింది.

చేర్చుకున్నారు. మెడలో వేసుకునే బిళ్ళ ఇచ్చారు. దాని మీద పేరు, పేరు కింద ఎర్రగా 'ట్రెయినీ' అని. పన్నెండు వారాల పరీక్ష. పొద్దున్న ఆరుకల్లా మొదటి పేషెంట్లని మిషన్ ఎక్కించాలి కాబట్టి అయిదూ నలభై అయిదుకి లోపల ఉండాలి. మూడుసార్లు ఆలస్యమైతే బిళ్ళ వెనక్కి ఇచ్చి ఇంటికి వచ్చెయ్యాలి. పన్నెండు వారాలూ గట్టెక్కితే ఆ ఎర్ర మాట తీసేసి అసలు బిళ్ళ ఇస్తారు, మొగుడికీ కూతురికీ కూడా ఇన్సూరెన్స్.

వెళ్ళడానికి కారు కావాలిగా? మా వీధి చివర దివాకర్ ఉన్నాడు. కరెంటు ఇంజనీరు. తన పాత ఎలక్ట్రిక్ కారు మాకు ఇచ్చాడు. చూడ్డానికి అగ్గిపెట్టెకి చక్రాలు కట్టినట్టుంటుంది. "బంగారంలాంటి కారు బాబాయిగారూ, వేసవిలో నూట పది మైళ్ళు ఇస్తుంది," అన్నాడు. గ్యారేజీ గోడకి ఛార్జర్ పెట్టించి, పక్కనే ఉన్న ఇనపపెట్టె తలుపు తీసి నాకు ఒక మీట చూపించాడు. "ఏదన్నా తేడా వస్తే ఈ బ్రేకర్ కిందికి కొట్టెయ్యండి. ఛార్జర్‌కి కరెంటు ఆగిపోతుంది."

ఏదన్నా తేడా వస్తే, అన్నాడు. సరే, విన్నాను.

*

ఇక్కడ మసాలా లేకుండా ఒక మాట చెప్పాలి.

మా పక్క చేలో సుబ్బారాయుడి బ్యారన్ ఉండేది. ఒకనాడు పొయ్యిలో మొద్దులు వేసి, కాసేపు కదా అని నడుం వాల్చాడు. ఎండాకు ఒకటి జారి గొట్టం మీద పడింది. తెల్లారేసరికి నాలుగు గోడలే మిగిలాయి. ఆ రోజునుంచి నాది ఒకటే పద్ధతి. నిప్పు ఉన్నంతసేపూ మనిషి మేలుకుని ఉండాలి. మనిషి పడుకుంటే నిప్పు ఉండకూడదు. ఊళ్ళోనూ పడుకోబోయే ముందు ప్రతి స్విచ్చీ కట్టేసి, రేడియో ప్లగ్గు పీకి, గ్యాసు తిప్పి, అప్పుడు మంచం ఎక్కేవాణ్ణి. అమెరికాలో ప్లగ్గులకి స్విచ్చులే ఉండవు. ఆరేళ్ళుగా అదే బెంగ నాకు.

ఇప్పుడేమో గ్యారేజీలో ఇంత కారు, దాని కడుపునిండా కరెంటు. ఆ గ్యారేజీకి సరిగ్గా పైన అనుష్క పడుకునే గది.

కారు నిండగానే ఛార్జర్ మీద పచ్చ దీపం మెరవడం ఆపి నిలకడగా వెలుగుతుంది. అది చూసుకుని, చలికి మంకీ క్యాప్ పెట్టుకుని, స్టూలు వేసుకుని ఎక్కి, పడుకునే ముందు బ్రేకర్ దించేసేవాణ్ణి. పొద్దున్న కృష్ణవేణి వెళ్ళాక మళ్ళీ ఎత్తేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. చెబితే "పరవాలేదు మావయ్యగారూ" అంటారు. పరవాలేదన్నవాళ్ళు హాయిగా పడుకుంటారు, నిద్ర పట్టనిది నాకు కదా! కారు నిండా ఉంది, ఆమె వెళుతోంది, వస్తోంది. ఎవరికి నష్టం?

నవంబరు ఆఖరుదాకా బాగానే నడిచింది.

డిసెంబరులో చలి దిగింది. పద్దెనిమిది డిగ్రీలు. అంటే గడ్డకట్టే గీతకి పద్నాలుగు కింద. కారు నిండుగానే బయల్దేరింది. కానీ మైలు నడిస్తే, ఇంకెన్ని మైళ్ళు పోతుందో చూపే అంకెల పలకలో రెండేసి మైళ్ళు తగ్గిపోవడం మొదలైంది. దారిలో ఉన్న పర్సల్‌విల్ చేరేసరికి కొండ ఎక్కి దిగేంత మిగల్లేదట. అక్కడ కొట్టు ముందు ఫాస్ట్ ఛార్జర్‌కి తగిలించింది. పది నిమిషాల పని. చల్లగా బిగుసుకుపోయిన బ్యాటరీ కరెంటు తాగనంది. నలభై నిమిషాలు పట్టింది. మొదటి ఆలస్యం.

జనవరి రెండో వారంలో రెండోది.

*

ఆ రెండో ఆలస్యం నాటి సాయంత్రం దివాకర్‌ని భోజనానికి పిలిచాం. కారు సంగతి చెబుతాడని. ములక్కాడ సాంబారు రెండోసారి వడ్డించుకుని, తీర్పు చెప్పాడు.

"నా కారుకి ఏమీ కాలేదు కృష్ణవేణిగారూ. మీరు హీటర్ బాగా పెట్టేస్తున్నట్టున్నారు. అదే తినేస్తుంది ఛార్జంతా."

"హీటర్ పెట్టడం లేదండీ," అంది కృష్ణవేణి నెమ్మదిగా. "రెండు జతల గ్లవ్స్ వేసుకుని నడుపుతున్నాను. సెంటర్‌కి వెళ్ళాక పావుగంట వేడినీళ్ళలో పెడితే గానీ వేళ్ళు వంగవు. వంగకపోతే సూది పెట్టలేను."

నేను ఆమె వేళ్ళకేసి చూశాను. కణుపుల దగ్గర ఎర్రగా పగిలి ఉన్నాయి.

"అయితే స్పీడ్ ఎక్కువేమో," అన్నాడు దివాకర్.

"ఇంకోసారి లేటయితే ఇంక స్పీడుతో పనే ఉండదు లెండి." ఆమె నవ్వింది. నవ్వినట్టు లేదు.

అనుష్క పళ్ళెం పక్కన ఫోన్ పెట్టుకుని వేలితో ఏదో తోస్తోంది. "అమ్మా, వెయిట్. ఇది వియర్డ్‌గా ఉంది. నేను నవంబర్‌లోనే సెట్ చేశా కదా."

"ఏం సెట్ చేశావే?" అన్నాను.

"బ్యాటరీ కోల్డ్ అయితే పవర్ ఇవ్వదు తాతయ్యా. లోపల కెమికల్స్ స్లో అయిపోతై. సో, ఎర్లీ మార్నింగ్ ఫోర్‌కి కారు వాల్ నుంచి కరెంట్ తీస్కుని తన బ్యాటరీ తనే వార్మ్ చేస్కోవాలి. సీట్లు కూడా. అమ్మ వెళ్ళేటైమ్‌కి అంతా రెడీ. బట్ ఎవ్రీ డే సేమ్ మెసేజ్: ఛార్జర్‌లో పవర్ లేదు, హీటింగ్ క్యాన్సిల్డ్." తలెత్తింది. "సారీ అమ్మా. నేను ఈ పేజ్ ఇప్పుడే చూశా."

"ఛార్జర్‌లో పవర్ లేకపోవడమేంటి? నేను దగ్గరుండి పెట్టించా," అన్నాడు దివాకర్.

చేతిలో ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

చలిరోజున బ్యారన్ కాగకముందే ఆకు పండాలనేవాణ్ణి ఏమంటారు మా ఊళ్ళో? రాయడానికి వీల్లేని మాట అంటారు. ముందు వేడి, తరవాత పని. నలభై ఏళ్ళు చేసిన పని. ఎదురుగా పెట్టుకుని గుర్తుపట్టలేకపోయాను.

"ఆ కరెంటు ఆపుతున్నది నేనే. రోజూ పడుకునేముందు బ్రేకర్ దించేస్తున్నాను," అన్నాను.

దివాకర్ పకపకా నవ్వాడు.

"బాబాయిగారూ! మీరు మామూలువారు కాదు. మొన్న మొసలికి ఈత నేర్పానన్నారు, ఇవాళ ఇదా?"

"నిజమయ్యా."

"కోడలి మీద మాట పడకుండా మీ మీద వేసుకుంటున్నారు. అర్థమైంది లెండి."

"తాతయ్యా, నీకు ఆ బాక్స్ అందనే అందదు," అంది అనుష్క, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు నా కన్నా షార్ట్!"

డెబ్బై నాలుగేళ్ళలో నేను చెప్పిన కథలన్నీ ఆ ఒక్క పూట నామీద కసి తీర్చుకున్నాయి. ఎంత చెప్పినా నవ్వుతారే! గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయం.

కృష్ణవేణి నవ్వలేదు. "పెరుగు తెస్తాను," అని లేచింది. పెరుగు గ్యారేజీలో ఉండే రెండో ఫ్రిజ్‌లో ఉంటుంది. తలుపు తీసుకుని వెళ్ళింది. ఆ ఇనపపెట్టె కిందే స్టూలు. దాని మీద నా మంకీ క్యాప్ మరిచిపోయిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగి వచ్చింది. ఒక చేతిలో పెరుగు గిన్నె, రెండో చేతిలో మంకీ క్యాప్. క్యాప్ నా పళ్ళెం పక్కన పెట్టింది. గరిటె తీసుకుని నాకు అందరికన్నా ముందు పెరుగు వేసింది. దివాకర్ తన కారు గొప్పదనం చెబుతూనే ఉన్నాడు.

*

మర్నాడు సాయంత్రం కృష్ణవేణి నా గదిలోకి వచ్చింది. నేను సిద్ధంగానే ఉన్నాను. తిడుతుందని కాదు, ఆ పిల్ల తిట్టదు. "ఇంక గ్యారేజీలోకి రాకండి మావయ్యగారూ" అంటుందనుకున్నాను. అంటే న్యాయమే.

నా ఫోన్ తీసుకుని ఏదో నొక్కింది. తెరమీద మా అగ్గిపెట్టె కారు బొమ్మ వచ్చింది. దాని కింద ఒక ఎర్రటి మంట గుర్తు.

"ఇది నొక్కితే బ్యాటరీ వేడెక్కుతుంది. ఎంత వేడెక్కిందో ఇక్కడ కనపడుతుంది. డిగ్రీల్లో. మీ డిగ్రీలే."

"అనుష్క పెట్టిన పద్ధతి ఉందిగా? దానంతట అదే..."

"దానంతట అదే నిప్పు వెలిగితే మీకు నిద్ర పడుతుందా?"

నేను ఆ ఎర్ర మంట గుర్తుకేసే చూశాను.

"పట్టదు," అంది తనే. "మీరు ఎలాగూ మూడున్నరకే లేస్తారు. లేచాకే బ్రేకర్ ఎత్తండి. లేచాకే వేడి పెట్టండి. మంట దగ్గర మనిషి ఉంటాడు. బ్యారన్ మీది మావయ్యగారూ. నాకు నాలుగున్నరకి పండిన ఆకు ఇస్తే చాలు."

అంత మాట అని వెళ్ళిపోయింది. నన్ను దొంగని చేసి వదిలెయ్యాల్సిన చోట కాపలాకి పెట్టింది. ఈ అమ్మాయి పందొమ్మిదేళ్ళు ఇంట్లో కూర్చుందంటే ఆ సెంటర్లకి ఎంత నష్టమో అనిపించింది.

మరి నేను ఊరుకుంటానా? మొదటిరోజు మూడింటికే రాజేశాను. తొందరపడ్డాను. నాలుగుకే వేడి చాలనుకుని అదే ఆగిపోయింది, ఆమె వచ్చేసరికి మళ్ళీ చల్లబడింది. రెండో రోజు నాలుగుకి పెట్టాను, సగమే కాగింది. అయిదు రోజులు కొలతలు చూస్తే లెక్క దొరికింది: బయట ఇరవై ఉంటే మూడూ యాభైకి, పది ఉంటే మూడూ ముప్ఫయికి. వేడి అందుకున్న క్షణానికీ ఆమె తలుపు తీసే క్షణానికీ మధ్య ఒక కాఫీ తాగేంత వ్యవధి, అంతే ఉండాలి. బానెట్ మీద చెయ్యి వేస్తే ఏం తెలియదని దివాకర్ అంటాడు, బ్యాటరీ కింద ఉంటుందట. అయినా వేస్తాను. ఎవరి పద్ధతి వారిది.

రోజూ నాలుగున్నరకి ఆమె సంచీ పట్టుకుని వచ్చి, "బ్యారన్ సిద్ధమేనా?" అని అడిగేది.

"సిద్ధం. ఆకు పండింది," అనేవాణ్ణి.

గ్లవ్స్ ఒక్క జతకి తగ్గాయి.

*

జనవరి ఆఖరి వారంలో టీవీ వాళ్ళు భయపెట్టడం మొదలుపెట్టారు. గురువారం పొద్దున్నకి నాలుగు డిగ్రీలు. బడులు మూసేశారు. మనోహర్ ఫోన్ చేశాడు. "వేణీ, రేపొక్క రోజు లీవ్ పెట్టు. దారిలో ఆగిపోతే ఎవరున్నారు?"

"కిడ్నీలకి లీవ్ ఉండదండీ," అంది.

వాడు నన్ను అడిగాడు: "నాన్నా, నువ్వన్నా చెప్పవా?"

"చెప్పాను. నన్ను కూడా తీసుకెళ్ళమన్నాను," అన్నాను.

పొద్దున్న మూడూ పదిహేనుకి పొయ్యి రాజేశాను. చలికి గ్యారేజీ తలుపు మూలుగుతోంది. అంకె పైకి పాకుతుంటే కూర్చుని చూశాను. ఏడు. పందొమ్మిది. ముప్ఫయి మూడు. యాభై. వయసులో ఉన్నప్పుడు కూడా అంత ఓపికగా ఏ మంటనీ చూడలేదు నేను.

"మీరు ఎక్కితే రెండు మైళ్ళు తగ్గుతాయి," అంది కృష్ణవేణి సీటు బెల్టు పెడుతూ.

"దారిలో కథలు చెప్పకపోతే మూడు మైళ్ళు పెరుగుతాయి."

"చెప్పండి. ఒక మైలు నష్టమే కదా."

పలక మీద డెబ్బై ఆరు మైళ్ళు. వెళ్ళాల్సింది నలభై అయిదు. సీట్లు వెచ్చగా ఉన్నాయి. ఏడో నంబరు రోడ్డు మీద మేమూ, ఉప్పు చల్లే లారీలూ తప్ప ఎవరూ లేరు. లీస్‌బర్గ్ దగ్గర అరవై ఆరు. పర్సల్‌విల్‌లో యాభై మూడు. ఆమె ఆగిపోయిన కొట్టు వచ్చింది, దాని ముందు ఛార్జర్ దీపాలు. కృష్ణవేణి అటు చూడలేదు. నేను మాత్రం చూశాను, ఆ దీపాలు వెనక్కి పోయేదాకా.

కొండ మొదలైంది. కారు మూలగలేదు గానీ అంకె పడిపోవడం మొదలైంది. నలభై తొమ్మిది, నలభై నాలుగు, నలభై. నా కథ నోట్లోనే ఆగిపోయింది. కనుమ మీదికి వచ్చేసరికి ముప్ఫయి ఏడు. వెళ్ళాల్సింది ఇంకా ఇరవై.

"ఇప్పుడు చూడండి," అంది.

దిగుతున్నాం. ఆమె బ్రేకు తొక్కలేదు, కాలు తీసేసింది అంతే. ముప్ఫయి ఏడు. ముప్ఫయి ఎనిమిది. ముప్ఫయి తొమ్మిది!

"పెరుగుతోందే!"

"దిగేటప్పుడు చక్రాలు కరెంటు పుట్టిస్తాయి మావయ్యగారూ. చల్లటి బ్యాటరీ అయితే ఆ కరెంటు తీసుకోదు. వెచ్చగా ఉంది కాబట్టి తీసుకుంటోంది. ఇన్నాళ్ళూ ఈ కొండ దిగుతూ నాకు ఒక్క మైలు కూడా తిరిగి రాలేదు."

బండి కొండ దిగుతుంటే ఎద్దుల కడుపులు వాటంతటవే నిండాయని చెప్పే ధైర్యం నాకు జీవితంలో రాలేదు. చెప్పి ఉంటే ఊళ్ళో నన్ను చెట్టుకి కట్టేసేవాళ్ళు. నా కళ్ళముందే జరుగుతోంది. నలభై దగ్గర ఆగింది. కింద నది పొగలు కక్కుతోంది. కృష్ణవేణి స్టీరింగు మీద ఒక్క చేత్తో, రాజ్యమేలుతున్నట్టు కూర్చుంది.

అయిదూ నలభై ఒకటికి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాం. పలక మీద ఇంకా ఇరవై మైళ్ళున్నాయి; తిరిగి వెళ్ళడానికి పగలంతా తగిలించి ఉంచే ప్లగ్గు సెంటర్ వెనకే ఉంది. అక్కడి పెద్దావిడ డెబ్రా గోడ గడియారం చూసింది, కృష్ణవేణిని చూసింది, నన్ను చూసింది.

"మా మామగారు," అంది కృష్ణవేణి ఇంగ్లీషులో. "కారు వేడి చేసేది ఆయనే."

డెబ్రాకి ఏం అర్థమైందో గానీ నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆ రోజు పని చేసే ఇంకో ఇద్దరు రాలేకపోయారట. లోపల కుర్చీల్లో నలుగురు పేషెంట్లు దుప్పట్లు కప్పుకుని ఎదురుచూస్తున్నారు. అద్దంలోంచి నేను చూస్తుండగా, మా కోడలు నీలం గౌను కట్టుకుని, చేతులు కడుక్కుని, మిషన్ దగ్గర నిలబడింది. వేళ్ళు ఒకసారి మూసి తెరిచింది. వంగాయి. వేడినీళ్ళు అక్కర్లేకపోయింది.

మొదటి కుర్చీలో నా వయసు నల్లాయన. పేరు హార్లన్. సూది పెడుతుంటే కళ్ళు మూసుకోలేదు, ఆమె చేతినే చూశాడు. తరవాత నన్ను లోపలికి రమ్మని సైగ చేశాడు. డెబ్రా సరేనంది.

"ఈ అమ్మాయి పెడితే తెలియదు. మిగతావాళ్ళు నన్ను బావి తవ్వినట్టు తవ్వుతారు," అన్నాడు. కృష్ణవేణి సిగ్గుపడుతూ తెలుగులో చెప్పింది నాకు. ఆయన ఏదో అడిగాడు.

"మీరు ఊళ్ళో ఏం చేసేవారని అడుగుతున్నారు."

"టొబాకో," అన్నాను. "బ్యారన్. ఫైర్."

హార్లన్ కుర్చీలో లేవబోయాడు. మిషన్ కూసింది. కృష్ణవేణి ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన నాకేసి వేలు చూపించి, "నైంటీ ఫైవ్?" అన్నాడు.

"నైంటీ ఫైవ్. ఫస్ట్," అన్నాను.

"ఎండ్?"

"వన్ సిక్స్‌టీ."

"వన్ సిక్స్‌టీ!" ఆయన ఖాళీగా ఉన్న చెయ్యి చాచాడు. వర్జీనియా దక్షిణాన, వాళ్ళ నాన్న బ్యారన్‌లో, పదేళ్ళప్పటి నుంచీ మంట కాశాడట. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అంకెలు చాలాయి.

వెళ్ళబోతుంటే కృష్ణవేణి మిషన్ మీద చిన్న అంకె చూపించింది. "ఇందులోకి వెళ్ళే నీళ్ళు ముందే వేడి చెయ్యాలి మావయ్యగారూ. చల్లగా వెళితే మనిషి వణికిపోతాడు. ముప్ఫయి ఏడు ఉందా లేదా అని చూసుకున్నాకే సూది ముట్టుకుంటాం."

"మన లెక్కలో ఎంత?"

"తొంభై ఎనిమిదిన్నర దాటి."

"ఆకు పండే వేడి," అన్నాను. నాకంటే ముందు హార్లన్ తల ఊపాడు, ఏం అర్థమైందో మరి.

*

ఫిబ్రవరి రెండోవారంలో పన్నెండు వారాలు పూర్తయ్యాయి. మూడో ఆలస్యం రానేలేదు. కొత్త బిళ్ళ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. కృష్ణవేణి అని పేరు, కింద ఎర్ర మాట లేదు.

అదే నెలాఖరుకి షార్లెట్‌లో మనోహర్ కాంట్రాక్టు అయిపోయింది. పెట్టెతో ఇంటికి వచ్చాడు. వాళ్ళ ముగ్గురి ఇన్సూరెన్సూ అప్పటికి కృష్ణవేణి పేరు మీదికి మారింది. వాడు రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడోరోజు పొద్దున్న నేను గ్యారేజీలో ఉంటే వాడూ వచ్చాడు, కళ్ళు నులుముకుంటూ, చేతిలో కృష్ణవేణి లంచ్ బాక్సు. తనే కట్టాడట. పులిహోర. ఉప్పు ఎక్కువ వేశాడని సాయంత్రం తెలిసింది, ఆమె చెప్పలేదు, డబ్బా నాకితే తెలిసింది.

ఆ ఆదివారం దివాకర్ ఇంట్లో విందు. కొత్తగా వచ్చినాయన ఎవరో మనోహర్‌ని "మీ మిసెస్ ఏం చేస్తారండీ?" అని అడిగాడు. నేను కుర్చీలో ముందుకి జరిగాను. వాడు నోరు విప్పకపోతే నేను విప్పుదామని.

"డయాలసిస్ టెక్నీషియన్," అన్నాడు మనోహర్. "వించెస్టర్‌లో. నాలుగు డిగ్రీల చలిలో కొండ దాటి వెళ్ళి, మిగతావాళ్ళు రాకపోతే ఒక్కతే నలుగురినీ మిషన్ ఎక్కించింది. ఆ పాత కారులో!"

"పాత కారు ఏంటి, బంగారం," అన్నాడు దివాకర్.

"నలభై అయిదు మైళ్ళా? అంత చలిలోనా? ఆ కారా?" కొత్తాయన నవ్వాడు. "మీ నాన్నగారు కథలు బాగా చెబుతారని విన్నాను. మీకూ వచ్చిందన్నమాట!"

మావాడి మొహం చూసి నాకు నవ్వాగలేదు. మొదటిసారి వాడికి తెలిసింది, నిజం చెప్పి నవ్వించుకోవడం ఎలా ఉంటుందో.

ఇంటికి వచ్చాక మనోహర్ నా ఫోన్ అందుకున్నాడు. "నాన్నా, ఇంక నువ్వు మూడున్నరకి లేవక్కర్లేదు. ఆటోమేటిక్‌గా పెట్టేస్తా. బ్రేకర్ కూడా అలాగే వదిలెయ్. ఏం కాదు."

మెట్ల మీదినుంచి కృష్ణవేణి గొంతు వినపడింది. "అది ముట్టుకోకండి."

"ఎందుకు వేణీ? మెషీన్ చేసే పనికి నాన్న ఎందుకు..."

"మా బ్యారన్‌కి మనిషి ఉన్నాడు," అంది. అని పడుకోవడానికి వెళ్ళిపోయింది, పొద్దున్నే లేవాలి కదా.

వాడు ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. రేపటికి నలభై ఒకటి డిగ్రీలట. ఆ మాత్రం చలికి పొయ్యి అక్కర్లేదు. అయినా స్టూలు ఎక్కి బ్రేకర్ దించి, మంకీ క్యాప్ స్టూలు మీదే పెట్టి వచ్చాను. మూడున్నరకి వెతుక్కోకుండా.